కొలతకూ కట్టడికీ మధ్య: పటాన్‌చెరు వ్యర్థజలాలు, జాతీయ యాంటీబయాటిక్ నిరోధకత విధానం (2007–2021)

ఔషధాలకు లొంగని సూక్ష్మజీవుల చరిత్రను సాధారణంగా ఆసుపత్రుల చరిత్రలో భాగంగా పరిగణిస్తారు. తెలంగాణలో ఆ చరిత్రకు సంబంధించిన ఒక కీలక ఆధారం మాత్రం ఆసుపత్రిలో కాక, పారిశ్రామిక వ్యర్థజలాల్లో లభించింది.

పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రానికి దాదాపు 90 బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలాలు చేరేవి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిం లార్సన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, శుద్ధి అనంతరం వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ ఔషధం వాడే రోగి రక్తంలో కనిపించే గరిష్ఠ స్థాయి కన్నా ఇది అధికం. ఆ ప్రాంతపు నదీ అవక్షేపాల్లో నిరోధక జన్యువులు పెద్ద మోతాదులో ఉన్నట్లు 2011లో మరో అధ్యయనం వెల్లడించింది.

దేశంలో క్రమబద్ధమైన నిఘా వేరొక దారిలో రూపుదిద్దుకుంది. భారత వైద్య పరిశోధన మండలి 2013లో ప్రారంభించిన నిఘా వ్యవస్థ ప్రధానంగా పెద్ద ఆసుపత్రుల ప్రయోగశాలలపై ఆధారపడింది. 2017 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళిక మనుషులతో పాటు పశువులు, ఆహారం, పర్యావరణాన్ని కూడా నిఘా పరిధిలోకి తెచ్చింది.

ఆ తరువాతి రెండు నిర్ణయాలను పోల్చి చూడవలసి ఉంది. వైద్యంలో చివరి ఆసరాగా మిగిలిన కొలిస్టిన్‌ను ఆహార పశువుల పెంపకంలో వాడరాదని 2019 జూలైలో కేంద్రం నిషేధించింది. అందుకు 1940 నాటి ఔషధాల చట్టంలోని 26ఎ సెక్షన్ అప్పటికే సిద్ధంగా ఉంది. ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదిస్తూ 2020 జనవరిలో ముసాయిదా వెలువడింది. 2021 ఆగస్టు నాటి తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు.

పరిమితి లేనిచోట కొలతకు ఉల్లంఘనను నిరూపించే శక్తి ఉండదు. పటాన్‌చెరు అంకెలు శాస్త్రలోకాన్ని కదిలించినా, వాటిని చట్టపరమైన బాధ్యతగా మార్చే ప్రమాణం ఏర్పడలేదు.

ఈ లోటు పటాన్‌చెరుకే పరిమితం కాదు. అధ్యయనం నాటికి ఆ జలాలు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరేవి. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. దిగువన రామగుండం, గోదావరిఖని, బసంత్‌నగర్‌లతో కూడిన బొగ్గు ప్రాంతం ఆ నది చెంతనే ఉంది. ఎగువ వ్యర్థాల ప్రభావం ఇంతదూరం ఉన్నదా లేదా అన్నది ఊహతో తేలదు. నది పొడవునా క్రమం తప్పని కొలతతోనే తేలుతుంది. ఆసుపత్రి గణాంకాలు జబ్బుపడినవారిని లెక్కిస్తాయి. జబ్బుకు ముందున్న నీటిని లెక్కించే బాధ్యతను కూడా విధానం ఎవరికో ఒకరికి అప్పగించినప్పుడే నిఘా సంపూర్ణమవుతుంది.