తెచ్చిందీ వాళ్ళే, తీసిందీ వాళ్ళే

మా పక్కింటి పిన్నిగారి చెల్లెలి మొగుడు తాగుతాడు. అందుకే మద్యనిషేధం అంటే ఆవిడకి కొండంత ఆశ. అమెరికాలో కూడా ఒకప్పుడు నిషేధం పెట్టారని నేనంటే, "మరి నిలబడలేదేమమ్మా?" అన్నారు.

ఆ కథ ఆడవాళ్ళతోనే మొదలవుతుంది. 1873 డిసెంబరులో ఒహాయో రాష్ట్రంలోని హిల్స్‌బరో ఊళ్ళో ఇల్లాళ్ళు మద్యం దుకాణాల ముందు మోకరిల్లి ప్రార్థనలు చేశారు. మొగుడు సంపాదన తాగేసి వస్తే పిల్లలు ఏం తింటారు? గట్టిగా అడుగుదామంటే వాళ్ళకి ఓటైనా లేదు. మరుసటి ఏడాదే మహిళల మద్యవ్యతిరేక సంఘం పుట్టింది. తర్వాత కారీ నేషన్ వచ్చింది. మొదటి మొగుణ్ణి తాగుడికి పోగొట్టుకున్న మనిషి. చేతిగొడ్డలి పుచ్చుకుని కాన్సాస్‌లో దుకాణాలు పగలగొట్టింది. జరిమానాలు కట్టడానికి బుల్లి గొడ్డలి బొమ్మలు అమ్మిందిట!

చివరికి రాజ్యాంగాన్నే సవరించి 1920 జనవరి 17 నుంచి దేశమంతా నిషేధం పెట్టారు. తయారుచెయ్యకూడదు, అమ్మకూడదు, రవాణా చెయ్యకూడదు అన్నారే గాని తాగకూడదని అనలేదు. చూశారా తిరకాసు! డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులో విస్కీ దొరికేది. ద్రాక్షరసాన్ని గడ్డకట్టించి అమ్మేవాళ్ళు, నీళ్ళలో కలిపి ఇన్నాళ్ళు ఉంచితే వైన్ అయిపోతుంది జాగ్రత్త అంటూ, హెచ్చరిక పేరుతో తయారీ నేర్పేవారు.

మొదట్లో తాగుడు తగ్గిన మాట నిజమే. కాని దొంగవ్యాపారం షికాగోలో అల్ కపోన్ లాంటి వాళ్ళ చేతుల్లో పడింది. ఫ్యాక్టరీల కోసం విషం కలిపి ఉంచిన ఆల్కహాలు తాగి ఎందరో చచ్చిపోయారు.

అప్పుడు కదిలిందీ ఓ తల్లే. పాలిన్ సేబిన్ తన ఇద్దరు కొడుకులకూ మేలు జరుగుతుందని మొదట నిషేధాన్ని సమర్థించింది. తీరా చూస్తే, చట్టమంటే ఎవరికీ లెక్కలేని లోకంలో పిల్లలు పెరుగుతున్నారు. 1929లో నిషేధం రద్దు కోసం మహిళా సంఘం పెట్టింది. పదిలక్షల మందికి పైగా చేరారు. ఆర్థికమాంద్యం రావడంతో సర్కారుకీ మద్యం మీద పన్ను డబ్బు అవసరమైంది. 1933 డిసెంబరు 5న నిషేధం పోయింది.

ఇదంతా విని పిన్నిగారు కాసేపు మాట్లాడలేదు. "వాళ్ళూ పిల్లల కోసమే, వీళ్ళూ పిల్లల కోసమే. మరి మా చెల్లెలి సంగతేమిటి?" అన్నారు.

హిల్స్‌బరో ఇల్లాళ్ళు అడిగిందీ అదే. చట్టం వచ్చింది, పోయింది. ఆ ప్రశ్న మాత్రం గుమ్మంలోనే నిలబడి ఉంది.