సైడ్‌కార్ క్యాంపర్

మోటార్ సైకిల్‌కు ఒక పక్కన, మూడో చక్రం మీద బిగించిన తొట్టిని సైడ్‌కార్ అంటారు. మనిషి కూర్చునే ఆ తొట్టి స్థానంలో ఒకరు కాళ్లు చాపుకుని పడుకోగల చిన్న గది కడితే అది సైడ్‌కార్ క్యాంపర్. ఒంటరిగా దూరదేశాలు తిరిగేవాళ్లు దీన్ని చాలావరకు స్వయంగా కట్టుకుంటారు, లేదా చిన్న వర్క్‌షాపుల్లో తమ ఒడ్డూ పొడుగుకు తగ్గట్టు చేయించుకుంటారు. చూసేవాళ్లు దీన్ని బుల్లి కారవాన్‌గా లెక్కగట్టి, లోపల చోటు ఎంత, సౌకర్యాలు ఏమిటి అని అడుగుతారు. ఆ కొలమానం దీనికి సరిపోదు. ఇది ముందు తూకం మీద నడిచే యంత్రం, ఆ తర్వాతే ఇల్లు. ఒంటరిగా వెళ్లే మనిషికి సైడ్‌కార్‌తో వచ్చే అసలు ప్రమాదం ఖాళీ తొట్టి. ఆ ఖాళీని పడక, నీళ్లు, పనిముట్ల బరువుతో నేలకు దగ్గరగా నింపినప్పుడే క్యాంపర్‌కు సార్థకత. ఆ సూత్రం తప్పితే అదే గది బండిని బోల్తా కొట్టించగలదు.

చరిత్ర

సైడ్‌కార్ 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో బ్రిటన్‌లో రూపుదిద్దుకుంది. కారు కొనలేని కుటుంబాలకు అది చవకైన వాహనం. 1922లో విలియం వామ్స్‌లీ, విలియం లయన్స్ బ్లాక్‌పూల్‌లో మొదలుపెట్టిన స్వాలో సైడ్‌కార్ కంపెనీయే తరువాతి కాలంలో జాగ్వార్ కార్ల సంస్థగా ఎదిగింది. 1959లో మినీ వంటి చిన్న కార్లు వచ్చాక కుటుంబ వాహనంగా సైడ్‌కార్ రోజులు అక్కడ దాదాపు ముగిశాయి. సాహసయాత్రికులకు మాత్రం అంతకు చాలా ముందు నుంచే దానితో వేరే అవసరం ఉండేది. 1927–28లో స్టాన్లీ గ్లాన్‌ఫీల్డ్ రడ్జ్ మోటార్ సైకిల్‌కు సైడ్‌కార్ తగిలించుకుని ఒంటరిగా ప్రపంచయాత్ర చేశాడు. హంగరీ వాసులు జోల్తాన్ సుల్కోవ్‌స్కీ, గ్యూలా బర్తా 1928 నుంచి 1936 దాకా హార్లే-డేవిడ్‌సన్ సైడ్‌కార్ మీద ఖండాలు దాటారు. 1934 డిసెంబరులో లండన్ నుంచి బయల్దేరిన థెరెసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ పాంథర్ మోటార్ సైకిల్, సైడ్‌కార్, వెనక ఒక ట్రెయిలర్‌తో సహారా దాటి 1935లో కేప్‌టౌన్ చేరారు. వీళ్లెవరూ వేగం కోసం సైడ్‌కార్‌ను ఎంచుకోలేదు. నెలల తరబడి బతకడానికి కావలసిన సామాను రెండు చక్రాల మీద పట్టదు కాబట్టే మూడో చక్రం అవసరమైంది. క్యాంపర్ ఆ అవసరానికే కొనసాగింపు.

దారి లేనిచోట నడిచే సైడ్‌కార్లకు రెండో ప్రపంచ యుద్ధం మరో రూపం ఇచ్చింది. జర్మనీ తయారుచేసిన బీఎండబ్ల్యూ ఆర్75, జుండాప్ కేఎస్750 బండ్లలో సైడ్‌కార్ చక్రానికి కూడా ఇంజిన్ శక్తి అందేది, రివర్స్ గేరూ ఉండేది. బీఎండబ్ల్యూ ఆర్71 నమూనా మీద సోవియట్ యూనియన్ ఎం-72ను తయారుచేసింది. 1941లో ఆ తయారీ ఉరల్ పర్వత ప్రాంతంలోని ఇర్బిత్‌కు తరలింది. నేటి ఉరల్ బండ్లు ఆ వంశానివే. 2022లో వాటి కూర్పు కజక్‌స్తాన్‌లోని పెట్రోపావ్ల్‌కు మారింది. సైడ్‌కార్ చక్రానికి శక్తి అందించే ఏర్పాటు, రివర్స్ గేరు ఉండటం వల్ల క్యాంపర్ కట్టుకునేవాళ్లకు ఇవి బాగా అనువైనవి. నాలుగైదు వందల కిలోల బండిని ఎత్తు మీద ఒక్కరే వెనక్కి నెట్టలేరు కనుక ఒంటరి ప్రయాణంలో రివర్స్ గేరు విలువ చాలా ఎక్కువ.

తూకం, నడక

భారత్‌లో వాహనాలు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి సైడ్‌కార్ ఎడమవైపు ఉంటుంది. ఎడమ మలుపులో బండి బరువు కుడివైపుకు తోసుకుపోయి సైడ్‌కార్ చక్రం గాల్లోకి లేవజూస్తుంది. ఎంత వేగంలో లేస్తుందో బరువు ఎక్కడుందన్నదే తేలుస్తుంది. ఉదాహరణకు మోటార్ సైకిల్, నడిపే మనిషి కలిసి 300 కిలోలు, ఖాళీ సైడ్‌కార్ 100 కిలోలు అనుకుందాం. సైడ్‌కార్ బరువు మోటార్ సైకిల్ చక్రాల గీతకు 70 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న ఎడమ మలుపులో ఈ బండి సుమారు 33 కిలోమీటర్ల వేగానికే మూడో చక్రం ఎత్తేస్తుంది. అదే తొట్టిలో 60 కిలోల సామాను నేలకు అర మీటరు ఎత్తులోనే ఉండేలా సర్దితే ఆ హద్దు సుమారు 40 కిలోమీటర్లకు పెరుగుతుంది. అంతే బరువుతో ఎత్తయిన గది కట్టి, సైడ్‌కార్ గరిమనాభిని (బరువు కేంద్రాన్ని) 90 సెంటీమీటర్లకు తీసుకుపోతే హద్దు మళ్లీ 35 దగ్గరికి జారుతుంది. 60 కిలోలు మోసిన ఫలితం చాలావరకు ఆవిరైపోయినట్టే. ఒక వైపు బుట్ట ఖాళీగా ఉన్న కావడి భుజం మీద నిలవదు. ఒంటరి మనిషి నడిపే సైడ్‌కార్ పరిస్థితీ అదే. అందుకే అనుభవజ్ఞులు ఖాళీ తొట్టిలో ఇసుక మూటలు వేస్తారు. క్యాంపర్ ఆ ఇసుక చోటును పనికొచ్చే బరువుతో నింపుతుంది. బరువు మోయక తప్పనప్పుడు ఆ బరువే పడకగా, వంటసామానుగా, నీటి డబ్బాగా ఉండటం తెలివైన పని.

కుడి మలుపులో ప్రమాదం వేరు. బరువు సైడ్‌కార్ ముందు కొస మీదికి వంగి, మోటార్ సైకిల్ వెనక చక్రం తేలికవుతుంది. అందువల్ల బరువైన సామాను సైడ్‌కార్ ఇరుసుకు దగ్గరగానే ఉండాలి, ముందు కొసన పెట్టకూడదు. యాక్సిలరేటర్ పెంచితే బండి ఎడమకు లాగుతుంది. మోటార్ సైకిల్ బ్రేకులు మాత్రమే వేస్తే తొట్టి తన వేగంతో ముందుకు పోబోయి బండిని కుడికి, అంటే ఎదురొచ్చే వాహనాల వైపుకు తిప్పుతుంది. తొట్టి ఎంత బరువైతే ఈ లాగుడు అంత ఎక్కువ. కాబట్టి క్యాంపర్‌కు సైడ్‌కార్ చక్రం మీద సొంత బ్రేకు తప్పనిసరి. సైడ్‌కార్ చక్రాన్ని కాస్త లోపలికి మళ్లించడం, మోటార్ సైకిల్‌ను కొద్దిగా బయటికి వంచి బిగించడం, ముందు ఫోర్క్ స్థానంలో లీడింగ్ లింక్ ఫోర్క్ అమర్చి హ్యాండిల్ బరువు తగ్గించడం మిగిలిన ముఖ్యమైన సర్దుబాట్లు. ఇవన్నీ నిండు బరువుతో ఉన్నప్పుడే సరిచూడాలి.

గది నిర్మాణం

పడుకునే మనిషికి సుమారు 2 మీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. ఎత్తు 90 సెంటీమీటర్లకు మించని పెట్టె ఆ కొలతల్లో కడితే ఉపరితలం సుమారు 8 చదరపు మీటర్లు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో దాని గోడల బరువు సుమారు 30 కిలోలే. కూర్చోవడానికి కావలసిన ఎత్తును ప్రయాణంలో మోయనక్కరలేదు. పైకప్పును మడత తీసే గుడ్డ గోడలతో లేపుకుంటే ఆగినచోట ఎత్తు దొరుకుతుంది, నడిచేటప్పుడు పెట్టె పొట్టిగా ఉంటుంది. దీనివల్ల గాలితో పోరు కూడా తగ్గుతుంది. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. అంటే 60 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి వెళితే అది సుమారు 2.4 రెట్లు అవుతుంది. మామూలు 350 సీసీ బండి దాదాపు 15 కిలోవాట్లే ఇస్తుంది కనుక ఇలాంటి వాహనానికి 60 చుట్టుపక్కల వేగమే సహజం.

లోపల శత్రువు తేమ. నిద్రపోయే మనిషి ఊపిరి, చర్మం ద్వారా రాత్రికి కొన్ని వందల మిల్లీలీటర్ల నీరు ఆవిరిగా వదులుతాడు. మూసిన పెట్టెలో అదంతా చల్లటి గోడల మీద చెమ్మగా దిగి పరుపును తడుపుతుంది. గోడలకు ఫోమ్ షీట్, కింద ఒకటి పైన ఒకటి గాలి రంధ్రాలు దీనికి మందు. పెట్టె తలుపులు మూసి స్టవ్ వెలిగించడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వంట బయటే చేయాలి, పెట్రోలు డబ్బా పడక గదికి దూరంగా ఉండాలి.

అభ్యంతరాలు

మొదటి ప్రశ్న టెంట్ గురించి. రెండు చక్రాల బండి మీద మూడు కిలోల టెంట్ కట్టుకుని వెళ్లడం చవక, తేలిక. చక్కటి తారు రోడ్ల మీద, ఎండాకాలంలో, ఆరోగ్యంగా ఉన్న మనిషికి అదే మెరుగు. అయితే మంచు, బురద, వదులు కంకర మీద రెండు చక్రాల బండి పడిపోయే ప్రమాదం ఎక్కువ, సైడ్‌కార్ నిలబడుతుంది. మోకాళ్లు సహకరించనివాళ్లకు, బరువైన బండిని కాళ్ల మీద ఆపలేనివాళ్లకు మూడో చక్రమే ప్రయాణాన్ని సాధ్యం చేస్తుంది. రాత్రి వానలో చేరినప్పుడు ఆరిన పడక సిద్ధంగా ఉండటం ఒంటరి మనిషికి భద్రతతో ముడిపడిన విషయం. అలసిన మనిషి మరుసటి రోజు తప్పులు చేస్తాడు.

రెండో ప్రశ్న వ్యాన్ గురించి, ఇది మరింత బలమైనది. సైడ్‌కార్ తగిలించిన బండి వెడల్పు చిన్న కారుకు దగ్గరగా వస్తుంది, కాబట్టి ట్రాఫిక్‌లో మోటార్ సైకిల్‌కుండే వెసులుబాటు దీనికి లేదు. ప్రమాదం జరిగితే వ్యాన్ ఇచ్చే రక్షణ ఇది ఇవ్వదు. మూడు చక్రాలు కారులా రెండు జాడల్లోనే నడిచినా, జాడల నడుమ దూరం వేరు కనుక లారీల గాడిలో కుదురుగా పోదు. ఇవన్నీ నిజాలే. అయినా మోటార్ సైకిల్ ఇంజిన్‌ను ఊరి మెకానిక్ దగ్గర విప్పి బాగుచేసుకోవచ్చు, సామాను దించి పడకను విడదీస్తే ఇద్దరు ముగ్గురు కలిసి గుంటలోంచి లాగవచ్చు. మనుషులకు, వాతావరణానికి నేరుగా దగ్గరయ్యే ప్రయాణం కోరేవాళ్లకే ఇది. సురక్షితమైన ఇల్లు మాత్రమే కావాలంటే వ్యాన్ కొనుక్కోవడమే న్యాయం.

మూడోది, తొట్టిని అలాగే ఉంచి పడకను వెనక లాగే ట్రెయిలర్‌లో పెట్టడం. అది తూకం సమస్యను తీర్చదు. తొట్టి ఖాళీగానే ఉంటుంది, పైగా ఇసుకలో వెనక లాగే భారం చేరుతుంది, వెనక్కి తీయడం కష్టమవుతుంది. బరువును మూడో చక్రం మీదికి తెచ్చే క్యాంపర్ అదే బరువుతో బండిని నిలబెడుతుంది.

చట్టం

భారత మోటారు వాహనాల చట్టం, 1988 మోటార్ సైకిల్ నిర్వచనంలోనే, అదనపు చక్రంతో విడదీయగల సైడ్‌కార్‌ను కలిపింది. అయితే అదే చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. దీన్ని బట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో క్యాంపర్ కట్టాలనుకునేవారు మోటార్ సైకిల్ ఛాసిస్‌ను కోయకుండా, వెల్డింగ్ చేయకుండా, బోల్టులతో విడదీయగల ఫ్రేము మీద గది నిలపడం వివేకం. పని మొదలుపెట్టక ముందే రవాణా అధికారి అనుమతి అడగాలి. బీమా కూడా ఆ అనుమతి మీదే ఆధారపడుతుంది.

ఎంపిక కొలమానం

పై లెక్కలన్నీ కలిపి చూస్తే మంచి సైడ్‌కార్ క్యాంపర్‌ను గుర్తించే పద్ధతి స్పష్టమవుతుంది. గరిమనాభి ఎంత కిందికుంది, బరువు ఇరుసుకు ఎంత దగ్గరగా ఉంది, మూడో చక్రానికి బ్రేకు ఉందా, వెనక్కి తీయడానికి దారి ఉందా అన్నవి ముందు అడగాలి. పరుపు మెత్తదనం, సోలార్ పలక, అలమరాలు ఆ తర్వాత. ఒంటరి ప్రయాణంలో బోల్తాపడ్డ బండిని లేపడానికి రెండో మనిషి ఉండడు. కాబట్టి ఈ క్రమాన్ని పాటించడం కట్టేవాళ్ల అభిరుచికి వదిలేయదగ్గది కాదు, నిర్మాణంలో మొదటి నియమం.