చందవోలు నుంచి ఒంగోలు దాకా: మతావేశ హింసలో ప్రేరణ – ఒక పరిశీలన

మతం పేరిట జరిగే హింసకు కారణమేమిటన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. హింసకు మూలం మతగ్రంథంలోనే ఉందనేది ఒకటి. మతం పైకి చెప్పే నెపం మాత్రమే, అసలు కారణం పేదరికమో రాజకీయమో అనేది మరొకటి. రెండింటిలోనూ కొంత సత్యం ఉంది. అయితే ఒకే గ్రంథాన్ని పారాయణ చేసే వేలమందిలో ఏ కొద్దిమందో మాత్రమే ఆయుధం ఎందుకు పడతారో మొదటి సమాధానం చెప్పలేదు. పేదరికాన్ని అనుభవించే లక్షలాది మంది ఎందుకు పట్టరో రెండో సమాధానం చెప్పలేదు. ఈ రెంటికీ నడుమ ఉన్న ఖాళీని పరిశీలించడానికి గుంటూరు, ప్రకాశం మైదానాలకు చెందిన రెండు సందర్భాలను ఈ వ్యాసం ఎంచుకుంటోంది. ఒకటి 12వ శతాబ్దికి చెందినదిగా శైవ వాఙ్మయం చెప్పే చందవోలు వృత్తాంతం. రెండోది 2000 సంవత్సరంలో ఒంగోలు చర్చిలో జరిగిన బాంబు పేలుడు. వీటి మధ్య కార్యకారణ సంబంధం ఉందని ఇక్కడ ప్రతిపాదించడం లేదు. ఎనిమిది శతాబ్దాల ఎడం ఉన్న రెండు సందర్భాలను పక్కపక్కన పెడితే ప్రేరణ స్వరూపం కొంత స్పష్టమవుతుందన్నదే ఇక్కడి ఆశ.

చందవోలు వాదం

చందవోలు వెలనాటి చోడుల రాజధాని. కృష్ణా డెల్టా అంచున, సముద్రానికి చేరువలో ఉన్న ఈ ఊరు చాలాకాలం గుంటూరు జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. పండితత్రయంలో ఒకడు, ‘శివతత్త్వసారము’ కర్త అయిన మల్లికార్జున పండితారాధ్యుడు ఈ ఊళ్ళో రాజు ఎదుట బౌద్ధాచార్యునితో వాదించిన కథను పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో చెప్పాడు. ఆ ద్విపద కావ్యంలోని అయిదు ప్రకరణాల్లో ఒకదానికి ‘వాద ప్రకరణం’ అనే పేరే ఉంది. కథాసారం ఇది. వాదంలో పండితారాధ్యుడు గెలిచాడు. అయినా కథ అక్కడ ముగియలేదు. శివనిందను సహించలేని శిష్యులు బౌద్ధాచార్యుణ్ణి చంపారు. రాజు ఆ నేరానికి గురువును బాధ్యుణ్ణి చేసి అతని కన్నులు తీయించాడు. శివానుగ్రహంతో పండితారాధ్యుడు చూపు తిరిగి పొందాడు, రాజును శపించి ఆ చోటు విడిచిపెట్టాడు. బసవేశ్వరుని దర్శించాలని కల్యాణానికి బయలుదేరి, దారిలోనే బసవని లింగైక్య వార్త విని శోకించి, శ్రీశైలం వైపు సాగాడు.

ఇది భక్తుని మహిమను చెప్పే కావ్యం. సంఘటన జరిగిందని చెప్పే కాలానికీ కావ్య రచనకూ మధ్య వ్యవధి ఉంది. అందువల్ల హత్య నిజంగా ఈ తీరునే జరిగిందని ఈ ఒక్క ఆధారంతో తేల్చలేం. తేల్చగలిగినది వేరే ఉంది. ఒక భక్త సమాజం తన గురువు కథలో ఆ హత్యను దాచలేదు, దానికి క్షమాపణ చెప్పుకోలేదు. దానిని మహిమాఖ్యానంలో భాగం చేసుకుంది. ప్రేరణను వెదికే పరిశోధకునికి సంఘటన ఎంత ముఖ్యమో ఈ చెప్పుకున్న తీరూ అంతే ముఖ్యం.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. వాదంలో ఓడినవాడు ఉక్రోషంతో హింసకు దిగాడంటే అర్థం చేసుకోవడం సులభం. గెలిచిన పక్షానికి చంపవలసిన అవసరం ఏమొచ్చింది? రాజు విధించిన శిక్షను బట్టి బౌద్ధాచార్యునికి ఆస్థానంలో గౌరవ స్థానం ఉందని ఊహించవచ్చు. వాదంలో ఓడినా అతడు శైవుడు కాలేదు, అతని గౌరవమూ పోలేదు. తర్కం చేత సాధించిన విజయం లోకం చేత అంగీకారం పొందలేదన్న మాట. శిష్యుల చేతిలోని ఆయుధం తీర్చబోయింది ఈ కొరతనే. శివనిందకుని శిక్షించడం భక్తుని విధి అన్న భావన నాటి శైవ వాఙ్మయంలో బలంగా ఉంది. ఆ భావన చంపేవానికి కోపాన్ని కొత్తగా ఇవ్వదు. ఉన్న కోపానికి కర్తవ్యమనే పేరు పెడుతుంది. కోపం చల్లారవచ్చు, కర్తవ్యం మాత్రం నెరవేరేదాకా నిలిచే ఉంటుంది.

అదే నేల, మరో దారి

ఇదంతా ఆనాటి యుగధర్మమని తోసిపుచ్చడానికి వీలు లేదు. చందవోలు ఉన్న మైదానంలోనే, కృష్ణ ఒడ్డున, అమరావతి ఉంది. అక్కడ అమరేశ్వరాలయంలోని 1182 నాటి శాసనం కోట కేతరాజు బుద్ధదేవునికి చేసిన గ్రామదానాన్ని, దీపదానాలను చెబుతోంది. కేతరాజు శివభక్తుడు. శివాలయంలో నిలిపిన స్తంభం మీద బుద్ధుని దీపానికి దానం చెక్కించడం అతనికి విరుద్ధంగా తోచలేదు. 1234 నాటి మరో శాసనం కూడా అక్కడి బుద్ధునికి దీపదానాన్ని పేర్కొంటుంది.

శైవం ఒకటే, ప్రాంతం ఒకటే, శతాబ్ది కూడా దాదాపు ఒకటే. అయినా ఒకచోట బౌద్ధుని ముందు దీపం వెలిగింది, మరొకచోట బౌద్ధుని ప్రాణం పోయింది. కాబట్టి విశ్వాసం గాఢంగా ఉండటమే హింసకు చాలిన కారణం కాదు. ఎదుటివాడు తన సత్యాన్ని ఒప్పుకోకుండానే పక్కన గౌరవంగా బతకడాన్ని భరించగలగడం, భరించలేకపోవడం అన్నచోటనే రెండు దారులు చీలిపోయాయి. తెలుగులో బౌద్ధుల పక్షాన రాసిన ప్రాచీన కావ్యం ఏదీ నిలవలేదు. చందవోలు కథను చంపినవారి పక్షం నుంచి మాత్రమే వినవలసి రావడం ఆ చీలికకు ఒక ఫలితం.

ఒంగోలు, 2000

2000 జూన్ 8న ఒంగోలులోని జ్యుయెట్ స్మారక బాప్టిస్టు చర్చిలోను, తాడేపల్లిగూడెంలోని ఒక కేథలిక్ చర్చిలోను బాంబులు పేలాయి. నెల తిరిగాక జూలై 8న హుబ్లీలో, 9న బెంగళూరులో చర్చిల్లో పేలుళ్ళు జరిగాయి. అంతకు ముందు ఏడాది జనవరిలో ఒరిస్సాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, అతని ఇద్దరు కొడుకులను సజీవ దహనం చేసిన ఘటన దేశాన్ని కలచివేసి ఉంది. ఆ నేపథ్యంలో అనుమానం సహజంగానే హిందూ అతివాద బృందాల వైపు మళ్ళింది. బెంగళూరు పేలుడు జరిగిన రాత్రే ఆ నగరంలో ఒక వ్యాన్‌లో తీసుకుపోతున్న బాంబులు పేలి అందులోని ఇద్దరు మరణించడంతో దర్యాప్తు దిశ మారి, దీన్‌దార్ అంజుమన్ అనే సంస్థ సభ్యుల దగ్గరికి చేరింది. చర్చిలపై దాడుల నేరం హిందువుల మీద పడి, రెండు మతాల మధ్య వైరం రగలాలన్నదే పథకమని దర్యాప్తు సంస్థలు పేర్కొన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2001లో ఆ సంస్థను నిషేధించింది. కర్ణాటకలో జరిగిన పేలుళ్ళ కేసుల్లో బెంగళూరు ప్రత్యేక న్యాయస్థానం 2008లో 23 మందిని దోషులుగా నిర్ధారించి 11 మందికి మరణశిక్ష విధించింది. తరువాత కర్ణాటక హైకోర్టు వాటిని యావజ్జీవ శిక్షలుగా మార్చింది.

సాహిత్య విద్యార్థిని ఆపి ఆలోచింపజేసేది ఆ సంస్థ పుట్టుక. దానిని స్థాపించిన సిద్దీఖ్, 12వ శతాబ్ది కల్యాణ శరణులలో ఒకడైన చెన్నబసవేశ్వరుని అవతారంగా తనను తాను ప్రకటించుకున్నాడు. ఆ పేరును తన పేరులో కలుపుకున్నాడు. లింగాయతుల విశ్వాసాలకూ ఇస్లాముకూ సమన్వయం చెప్పాడు. ఆయన 1952లో మరణించాక హైదరాబాదు ఆసిఫ్‌నగర్‌లోని ఆ కేంద్రం సర్వమత సమావేశాలకు పేరు పొందింది. పండితారాధ్యుడు చేరలేకపోయిన కల్యాణపు పేరు అన్ని మతాలూ ఒకటే అన్న నినాదంతో ఇరవయ్యో శతాబ్దంలోకి ఈ దారిన వచ్చింది. ఆ సంస్థ అనుయాయులందరినీ దోషులతో ఒకే గాటన కట్టడం అన్యాయం. అయితే సమన్వయాన్ని బోధించిన చోటి నుంచే కొందరు బాంబుల వైపు ఎలా నడిచారన్నది విస్మరించరాని ప్రశ్న.

సమన్వయం అన్న మాట కింద రెండు వేర్వేరు భావాలు ఉంటాయి. ‘నీ దారి నీది, నా దారి నాది, రెండూ నడవదగినవే’ అనేది ఒకటి. ‘నీ దారి చివరికి నా గడప ముందుకే వస్తుంది’ అనేది రెండోది. మొదటిది ఎదుటివాని అంగీకారాన్ని కోరదు. రెండోదానికి అంగీకారమే ప్రాణం. అన్ని మతాలు ఎదురుచూసే పురుషుడు తమ గురువేనని నమ్మినవారికి, ఆయా మతాలవారు ఆ మాటను పట్టించుకోకుండా తమ గుడికో చర్చికో పోతూ ఉండటం తిరస్కారంగా తోచే అవకాశం ఉంది. ఈ అన్వయం నిందితుల మనస్సులను చదివి చెప్పినది కాదు, సిద్ధాంత నిర్మాణాన్ని చూసి చెప్పినది. అయినా చందవోలు కథలో కనిపించిన కొరతే ఇక్కడా కనిపించడం గమనార్హం.

గురి తప్పిన అంచనా

దాడికి ఎంచుకున్న ఒంగోలు చర్చి ఎవరిది? అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ కథలో ఒంగోలుది ప్రధాన స్థానం. 1876–78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి చూపించాడు. కరువు తెరిపిన పడుతుండగా 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. పత్తి, మిరప పండే ఈ పల్లెల్లో చర్చి అంటే కొత్త దేవుడు మాత్రమే కాదు, బడి, అక్షరం, ఊరి కట్టుబాట్లకు ఆవల నిలబడటానికి కాస్త చోటు. వినుకొండలో పుట్టిన జాషువా ‘గబ్బిలం’లో వినిపించిన వేదనకు నేపథ్యమైన సమాజం ఇదే.

ఈ మైదానంలో జరిగిన సామూహిక హింసను చూస్తే, 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల మీద పడిన గొడ్డళ్ళు, బరిసెలు మత సరిహద్దును అనుసరించి నడిచినవి కావు. అవి కులపు గీతను అనుసరించాయి. 2000లో పథకం వేసినవారు ఈ సమాజాన్ని హిందువులు, క్రైస్తవులు అనే రెండు ముద్దలుగా చూశారు. ఒకే పేటలో, ఒకే ఇంటిపేరుతో, కొందరు చర్చికీ కొందరు పోలేరమ్మ కొలువుకూ పోయే వాస్తవం వారి లెక్కలోకి రాలేదు. పేలుళ్ళ తరువాత నిరసనలు జరిగాయి, భయం నెలకొంది. కానీ ఆశించిన మత కలహం చెలరేగలేదు. తీవ్రవాది సమాజాన్ని లోతుగా ఎరిగినవాడన్న అభిప్రాయం తరచుగా వినబడుతుంది. ఒంగోలు ఉదాహరణ అందుకు భిన్నమైనది. తన సిద్ధాంతం గీసిన పటాన్నే అతడు ఊరనుకున్నాడు.

పోలికలు, భేదాలు

రెండు సందర్భాల మధ్య భేదం పెద్దది. చందవోలు కథలో హత్యను చేసినవారి సంప్రదాయం బాహాటంగా తనదని చెప్పుకుంది. ఒంగోలులో పని రహస్యంగా జరిగి, నేరం మరొకరి మీద పడాలన్న లెక్కతో సాగింది. మొదటిదానిలో చంపబడినవాడే గురి. రెండోదానిలో చర్చిలో కూర్చున్నవారు గురి కూడా కారు, సాధనం మాత్రమే. అసలు గురి ఆ వార్త విని ఆగ్రహించబోయే మూడో మనిషి. ఆధునిక ఉగ్రవాదాన్ని మధ్యయుగ మతావేశం నుంచి వేరుచేసే గీటురాయి ఈ మూడో మనిషే. అతడు ఆగ్రహించకపోతే పథకం సగానికి సగం ఓడినట్టే.

సామ్యం మాత్రం మూలంలో ఉంది. రెండుచోట్లా హింసకు దిగినవారు తమది ఓటమి అనుకోలేదు, సత్యం తమ పక్షాన ఉందనే నమ్మారు. నమ్మిన సత్యానికి లోకం తల వంచకపోవడమే వారికి గాయమైంది. ఆ గాయాన్ని విధిగా మార్చే మాట వారి సంప్రదాయంలో దొరికింది, లేదా వారు దొరకబుచ్చుకున్నారు. శిక్ష విషయంలోనూ ఒక పాఠం ఉంది. శిష్యుల నేరానికి రాజు గురువు కన్నులు తీయించాడు. దానితో కావ్యంలో బౌద్ధుని మరణం వెనక్కి పోయి, గురువు అంధత్వం ముందుకు వచ్చింది. హంతక పక్షం బాధిత పక్షమైంది. నేరం చేసినవానిని కాక అతని వెనుక ఉన్న సమూహాన్ని, గురువును శిక్షించే న్యాయం తరువాతి తరాల ప్రేరణకు తానే ఎరువు వేస్తుంది.

తెలుగు సాహిత్య చరిత్రలు సోమనాథుణ్ణి జానుతెనుగుకు, ద్విపదకు, కులభేద నిరసనకు ఆద్యులలో ఒకడిగా గౌరవించాయి. ఆ గౌరవం ఉచితమైనదే. అయితే కులభేదాన్ని నిరసించిన గొంతే అన్యమతస్థుని హత్యను మహిమగా పాడిందన్న వాస్తవాన్ని పక్కన పెట్టి చేసే అధ్యయనం అసంపూర్ణం. సమత్వ కాంక్ష, అసహనం ఒకే కావ్యంలో, ఒకే మనస్సులో ఉండగలవని ‘పండితారాధ్య చరిత్ర’ నిరూపిస్తోంది. తరగతి గదిలో వాద ప్రకరణాన్ని పండితారాధ్యుని విజయం దగ్గర ఆపకుండా బౌద్ధాచార్యుని మరణం దాకా చదివించడం తెలుగు శాఖలు చేయగల పని. చంపడాన్ని కర్తవ్యంగా వినిపించే భాష ఎలా తయారవుతుందో సాహిత్య విద్యార్థి అక్కడ నేర్చుకుంటాడు. ఆ భాష రేపు మరో రూపంలో, మరో మతం పేరుతో వినిపించినప్పుడు గుర్తుపట్టడానికి ఆ చదువు పనికివస్తుంది.