చెన్నపట్నపు యుద్ధస్మారకం వద్ద ఒక ప్రశ్న



సెలవులు రాగానే మన సరిహద్దు ప్రాంతపు కుటుంబాలు చెన్నపట్నం చూడబోవుట పాత అలవాటు. సముద్రతీరం, దీపస్తంభం, జంతుశాల, త్యాగరాయనగర్ బట్టల కొట్లు చూచి, కాళ్ళనొప్పులతో తిరిగి వస్తాము. ఈసారి మీరు వెళ్ళినప్పుడు ఒక్క పూట కోట పరిసరాలకు కేటాయించవలసినదిగా కోరుతూ ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఇందుకు కారణం మా ఇంటి పిల్ల అడిగిన ఒక ప్రశ్న.

గత వేసవిలో నా చెల్లెలి కుమార్తెను వెంటబెట్టుకొని ఆ నగరానికి వెళ్ళాను. అమ్మాయి హోసూరు దగ్గర ఎనిమిదవ తరగతి చదువుతున్నది. ఇంటిలో తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది. బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతుంది. తెలుగు అక్షరాలు మాత్రం రావు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన భాషలో చదువు ఎంత ఇరుకున పడినదో మీకు నేను చెప్పనక్కరలేదు. తమిళం నేర్చుకొనుట మన పిల్లలకు మేలే. తెలుగు మానుకొనుటే నష్టం. ఆ నష్టం ఎటువంటిదో ఈ యాత్రలో నాకు మరింత స్పష్టంగా తెలిసినది.

మా నడక హైకోర్టు వద్ద మొదలైనది. 1892లో పూర్తయిన ఆ ఎర్రని భవనపు ప్రహరీగోడ వద్ద ఒక శిలాఫలకం ఉన్నది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ సముద్రంలో నిలిచి ఈ నగరంపై గుండ్లు కురిపించినది. రేవు వద్ద చమురు తొట్టెలు అంటుకొని మండినవి. భయంతో ఎందరో జనం ఊరు విడిచిపోయినారు. తమిళంలో గడుసువానిని, గుట్టుగా పని సాధించేవానిని నేటికీ 'ఎమ్డన్' అంటారని అమ్మాయే నాకు గుర్తు చేసినది. ఐరోపాలో పుట్టిన యుద్ధం మన వీధి మాటలలో ఒక పదమై మిగిలినది, చూడండి.

అక్కడి నుండి సెయింట్ జార్జి కోటకు వెళ్ళినాము. 1639లో దామర్ల నాయకుల వద్ద అనుమతి పొంది ఆంగ్ల వర్తకులు కట్టుకొన్న కోట ఇది. ఆ సోదరుల తండ్రి చెన్నప్ప నాయకుని పేరే చెన్నపట్నమైనదని ప్రసిద్ధి. నేడు ఇందులో తమిళనాడు శాసనసభ, సచివాలయం ఉన్నవి. కాబట్టి ద్వారం వద్ద తనిఖీ ఉంటుంది. కోట మ్యూజియమునకు శుక్రవారం సెలవు, ఇది గుర్తుంచుకొనండి.

ఈ కోటలో పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి ఒకటున్నది. కుంపిణీ వారు దేశీయ సిపాయిలను పోగుచేసి కవాతు నేర్పిన తొలి స్థలాలలో మద్రాసు ఒకటి. 1756లో క్లైవు ఇక్కడి నుండి బంగాళానికి ఓడలలో బయలుదేరినప్పుడు మద్రాసు సిపాయిలు వెంట వెళ్ళినారు. మరుసటి ఏడు ప్లాసీ యుద్ధంలో పోరాడినారు. వారిలో తెలుగువారుండుట చేత ఉత్తరాదిన కుంపిణీ సిపాయికి 'తిలంగా' అన్న పేరు స్థిరపడినది. తరువాత అవధ్ నుండి, బీహారు నుండి చేరిన సిపాయిలకు కూడ అదే పేరు. 1857లో ఢిల్లీ పౌరులు తిరుగుబాటు సిపాయిలను పిలిచినది ఆ మాటతోనే. తెలుగు దేశాన్ని ఎన్నడూ చూడని మనిషి తెలుగువాని పేరుతో పోరాడి మరణించినాడు. ఇది గర్వించవలసిన విషయమా, బాధపడవలసిన విషయమా అని పిల్లలను అడగండి. వారు మనకంటె బాగా చెబుతారు.

కోటలోనే 1680 నాటి సెయింట్ మేరీ చర్చి ఉన్నది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో సమాధి ఇందులోనే ఉన్నది. అంతకు ముందు ఆయన దత్తమండలాలకు, అనగా నేటి రాయలసీమకు, బళ్ళారికి, కలెక్టరుగా పనిచేసినారు. 1827లో కర్నూలు సీమలోని పత్తికొండ వద్ద కలరా సోకి మరణించినారు. మొదట గుత్తిలో పూడ్చి, 1831లో అస్థికలను ఇక్కడికి తెచ్చినారు. కోటకు సమీపంలో, మౌంటు రోడ్డు మీద గుర్రముపై కూర్చున్న ఆయన విగ్రహం ఉన్నది. ఆ గుర్రానికి జీను గాని, అంకెవన్నెలు గాని లేవు. ఎవరు ముందుగా కనిపెడతారో చూడుమని పిల్లలకు పందెం వేయండి.

కోట దాటి దక్షిణంగా వచ్చితే, మెరీనా తీరం మొదలయ్యే చోట యుద్ధస్మారకం ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల విజయానికి గుర్తుగా కట్టినారు. తరువాత రెండవ ప్రపంచయుద్ధపు మృతులకు, స్వాతంత్ర్యానంతరం 1948 కాశ్మీరు పోరాటం, 1962 చైనా యుద్ధం, పాకిస్తాను యుద్ధాలలో నేలకొరిగిన వారికి కూడ ఇదే స్మారకమైనది. మద్రాసు రాజధాని ప్రాంతం నుండి వెళ్ళి ప్రాణాలర్పించిన వారి స్మృతికి ఇది అంకితం. బయట రోడ్డు మీద బస్సుల మోత. లోపల గడ్డి, రాయి, నిశ్శబ్దం.

అమ్మాయి కొంతసేపు నిలబడి, "మామయ్యా, ఇందులో మనవాళ్ళు ఉన్నారా?" అని అడిగినది.

మిత్రులారా, ఇది సులభమైన ప్రశ్న కాదు. మనవాళ్ళంటే ఎవరు? నాటి మద్రాసు రాజధాని ఉత్తరాన గంజాం నుండి దక్షిణాన తిరునల్వేలి దాకా, పడమట మలబారు, దక్షిణ కన్నడం దాకా వ్యాపించి ఉండినది. 1936లో గంజాం ఒరిస్సాకు వెళ్ళినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడివడినది, ఆనాడే బళ్ళారి మైసూరులో కలిసినది. 1956లో మలబారు కేరళకు పోయినది. 1960లో తిరుత్తణి మద్రాసుకు వచ్చినది. మన హోసూరు నాడు సేలం జిల్లాలోనిది. బరంపురం నుండి గాని, బళ్ళారి నుండి గాని 1914లో సైన్యానికి వెళ్ళిన తెలుగు యువకుడు నేడు ఏ రాష్ట్రపు వీరుడు? అతడు తిరిగి రాకముందే కాదు, అతని పిల్లలు పెద్దవారైన తరువాత ఈ సరిహద్దులు పుట్టినవి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను బాంబులు పడినప్పుడు, 1943లో మద్రాసుపై పడినప్పుడు, అవన్నీ ఒకే రాజధాని ఊళ్ళు.

ఇక్కడ భాషోపాధ్యాయునిగా ఒక మాట. తెలుగులో 'మేము' వేరు, 'మనము' వేరు. 'మాది' అంటే ఎదుటివానిది కాదు. 'మనది' అంటే అతనిది కూడ. తమిళంలో కూడ 'నాంగళ్', 'నామ్' అని ఇదే భేదం ఉన్నది. ఇంగ్లీషుకు ఆ భాగ్యం లేదు. ఆంధ్రోద్యమ కాలంలో మన పెద్దలు 'మద్రాసు మనదే' అని నినదించినారు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు అమరులైనది కూడ ఈ నగరంలోనే. ఆ త్యాగానికి చేతులు జోడిస్తూనే అడుగుతున్నాను. నాడు పలికినది 'మనదే' అన్న మాట, కాని నడిచిన తగవు 'మాదే, మీది కాదు' అన్నది కాదా? రెండు వైపులా అంతే. రాష్ట్రం విడిపోయినది, తగవు ముగిసినది. ఆ మాట మాత్రం మిగిలినది. దానిని దాని సరియైన అర్థంలో పిల్లలకు నేర్పవలసిన వారు ఇక్కడే ఉండిపోయిన మనమే.

అందుచేత అమ్మాయితో, "ఇందులో ఉన్నవాళ్ళందరూ మనవాళ్ళేనమ్మా. వారిలో మీ అమ్మకు పెద్దతాత కూడ ఒకరు" అన్నాను.

మా తాతగారి అన్నగారు రెండవ ప్రపంచయుద్ధంలో బెంగుళూరులో సైన్యంలో చేరి, బర్మా వైపు వెళ్ళి, మరి తిరిగి రాలేదు. వారు వ్రాసిన రెండు ఉత్తరాలు మా ఇంటి పెట్టెలో ఉన్నవి. రెండూ తెలుగులోనే. అమ్మాయి ఈ సంగతి ఎన్నడూ వినలేదు. తప్పు నాదే. ఎవరూ అడగలేదు గనుక నేనూ చెప్పలేదు.

ఊరు చేరిన రోజే పెట్టె తీయించినది. పెన్సిలుతో వ్రాసిన అక్షరాలు, కొన్ని చోట్ల చెరిగినవి. వేలితో వరుసలు తడిమి, "చదవండి మామయ్యా" అన్నది. చదివినాను. వానలు పడినవా, ఎద్దు కోలుకొన్నదా, తమ్ముని బడి మాన్పించవద్దు, ఇంతే. ప్రతి మాటా ఆ పిల్లకు అర్థమైనది. ఒక్క అక్షరం కూడ చదువుకోలేకపోయినది. తన ఇంటి వారు తన భాషలోనే వ్రాసిన ఉత్తరం వినడానికి ఆ పిల్లకు మరొకరి నోరు కావలసి వచ్చినది. నేను పోయిన తరువాత ఆ నోరు కూడ ఉండదు. నేను పైన చెప్పిన నష్టం ఇదే.

కాబట్టి నా మనవి ఇది. చెన్నపట్నం వెళ్ళేముందు మీ ఇంటి పెద్దలను అడిగి, దూరదేశాలకు గాని, సైన్యానికి గాని, కూలికి గాని వెళ్ళిన వారి పేర్లు, ఊళ్ళు, సంవత్సరాలు పిల్లల చేత తెలుగులో ఒక పుట వ్రాయించండి. అక్షరాలు రాని పిల్లలకు ఆ పేర్లతోనే అక్షరాలు మొదలుపెట్టండి. ఉపాధ్యాయులు దానిని సెలవుల పనిగా ఇవ్వవచ్చును. పాత ఉత్తరాలు, దస్తావేజులు ఉన్నచో చెదలు పట్టకముందే పైకి తీయండి.

మా అమ్మాయి ఇప్పుడు గుణింతాల వద్ద ఉన్నది. ఒత్తులు ఇంకా రాలేదు. రెండవ ఉత్తరం నేను చదివి వినిపించబోతే వద్దన్నది. తానే చదువుతుందట. అందాకా ఆగుతాను.