ఒడిలో బిడ్డ

పోయిన వేసవిలో మా అమ్మాయి, అల్లుడూ మమ్మల్ని అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కుకి తీసికెళ్ళారు. లోయర్ గీజర్ బేసిన్‌లో చెక్కబాట మీద నడుస్తుంటే, అటూ ఇటూ నేలంతా పొయ్యి మీది గిన్నెలే! ఓచోట బురద జావలా కుతకుతా ఉడుకుతోంది. ఇంకోచోట మరిగే నీళ్ళు బుస్సున పైకి చిమ్ముతున్నాయి. అడుగున అగ్నిపర్వతం వేడి, పైన ఇరుకు దారి.

"అచ్చం మన కుక్కరే!" అన్నాను.

"ఎక్కడికెళ్ళినా నీకు వంటిల్లే" అని నవ్వారు మావారు.

నిజానికి నా మనసు ఎమ్మా కోవన్ మీద వుంది. ఎల్లోస్టోన్ 1872లో జాతీయ పార్కు అయింది. 1877 ఆగస్టులో ఎమ్మా, భర్త జార్జి, తోబుట్టువులూ, స్నేహితులూ ఈ వింతలు చూడవచ్చి, ఈ బేసిన్‌లోనే గుడారాలు వేసుకున్నారు. ఆగస్టు 24 ఆమె రెండో పెళ్ళిరోజు. తెల్లవారేసరికి ఎదురుగా నెజ్ పెర్స్ తెగవాళ్ళు!

పాపం, వాళ్ళు దోపిడీ దొంగలేం కాదు. 1863 ఒప్పందంతో భూమిలో చాలా భాగం పోగొట్టుకుని, సైన్యం తరుముతుంటే పిల్లాపాపలతో పారిపోతున్నవాళ్ళు. అప్పటికి రెండు వారాల కిందటే, బిగ్ హోల్ దగ్గర సైన్యం తెల్లవారుజామున వాళ్ళ గుడారాల మీద పడింది. చచ్చిపోయినవాళ్ళలో ఆడవాళ్ళూ, పసిపిల్లలూ ఎందరో. కుర్రవాళ్ళ కోపం ఈ యాత్రికుల మీదికి మళ్ళింది. ఎమ్మా కళ్ళెదుటే జార్జిని తుపాకీతో కాల్చారు. చనిపోయాడనే అనుకుందామె.

ఆ రాత్రి ఆమె వాళ్ళ గుడారాల మధ్య బందీ. అప్పుడొక నెజ్ పెర్స్ స్త్రీ ఓ పసిబిడ్డని తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టిందట! ఎమ్మా ఏడుపు చూసి, ఎందుకేడుస్తోందని అడిగింది. భర్త పోయాడని తెలిసి, ఆమెది గుండెకోత అని జాలిపడిందట. ఈ సంగతి ఎమ్మాయే 1903లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాసుకుంది.

మర్నాడు ఎమ్మానీ తోబుట్టువుల్నీ వదిలేశారు. జార్జి కూడా బతికే వున్నాడు! ఒంట్లో గుళ్ళతో రోజుల తరబడి పాకి పాకి ప్రాణం దక్కించుకున్నాడు. ఎమ్మా పసుపుకుంకాలు నిలిచాయి.

మరి ఆ తల్లులకో? అక్టోబరు 5న, కెనడా సరిహద్దు ఇంకో 40 మైళ్ళుందనగా, వాళ్ళ నాయకుడు జోసెఫ్ లొంగిపోయాడు. సొంత ఊళ్ళకి పంపుతామన్న మాట నిలబడలేదు. ఎక్కడో దూరాన వుంచితే, జబ్బులతో ఎందరో రాలిపోయారు.

ఎమ్మా పేరు మనకి తెలుసు. ఆమె ఒళ్ళో బిడ్డని పెట్టిన తల్లికి మాత్రం ఆ కథలో పేరే లేదు.

"అమ్మమ్మా, కాళ్ళు నొప్పులు!" అంది మనవరాలు. బల్ల మీద కూచుని దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. ఎదురుగా ఆవిరి లేస్తూనే వుంది.