‘ఎట్లు’ అనెడి ప్రశ్న: క్రియావిశేషణ విచారము



ఏమి చేసితివని అడుగువారు అనేకులు. ఎట్లు చేసితివని అడుగువారు అరుదు. మన శాస్త్రములు ఈ రెండవ ప్రశ్నను ఎన్నడును విడువలేదు. దానికి వ్యాకరణము, మీమాంస, ఉపనిషత్తు, మన తెలుగు భాష ఇచ్చిన సమాధానములను క్రమముగా విచారింతము.

యాస్కమహర్షి నిరుక్తమునందు పదములను నామ, ఆఖ్యాత, ఉపసర్గ, నిపాతములని నాలుగు విధములుగా విభజించెను. క్రియ జరుగు తీరును తెలుపు పదములకు అందు ప్రత్యేక వర్గము లేదు. పాణిని మహర్షియు అట్టి వర్గమును కల్పింపక, ఆ అర్థమును వేర్వేరు మార్గములలో సాధించెను. ప్రకారార్థమున ‘థాల్’ ప్రత్యయమును విధింపగా యథా, తథా, సర్వథా అనునవి ఏర్పడినవి. పోలికను తెలుపు ‘వతి’ ప్రత్యయమును విధించు సూత్రమున, ఆ తుల్యత క్రియకు సంబంధించినదై యుండవలెనని నియమించెను. ‘రాజువలె నడచుచున్నాడు’ అను అర్థమున ఆ సూత్రము ప్రవర్తించును. ‘రాజువలె స్థూలకాయుడు’ అను అర్థమున ప్రవర్తింపదు. గుణసామ్యము వేరు, ఆచరణసామ్యము వేరు.

కాత్యాయనుడు తన వార్తికమున ‘ప్రకృతి’ మొదలగు శబ్దములకు తృతీయా విభక్తిని చెప్పెను. ‘సుఖేన యాతి’ అనగా సుఖముగా పోవుచున్నాడని అర్థము. గొడ్డలితో నరుకుట యందు సాధనమును తెలుపు విభక్తియే ఇచట తీరును తెలుపుచున్నది. ఇక ‘శీఘ్రం గచ్ఛతి’ వంటి చోట్ల క్రియావిశేషణము నపుంసకలింగమున, ద్వితీయైకవచనమున నుండునని వైయాకరణుల సంప్రదాయము. కర్త స్త్రీయైనను పురుషుడైనను, ఒకరైనను పదుగురైనను ‘శీఘ్రం’ మారదు. అది క్రియనే అంటియుండును.

మీమాంసకులు ఈ విచారమును యజ్ఞమునకు అన్వయించిరి. ‘యజేత’ అను విధిపదము వినగానే మూడు ఆకాంక్షలు కలుగును: దేనిని సాధింపవలెను, దేనిచేత, ఎట్లు? స్వర్గాది ఫలము మొదటిదానికి, యాగము రెండవదానికి, ప్రయాజాది అంగకలాపము మూడవదానికి సమాధానము. ఈ మూడవ అంశమునకే ‘ఇతికర్తవ్యత’ యని పేరు. అది తెలియనిదే విధివాక్యార్థము పూర్ణము కాదు.

అయితే ఇతికర్తవ్యత కంటికి కనబడునది. చూచి నేర్వవచ్చును, లోపము కలిగినచో బ్రహ్మస్థానమందున్న ఋత్విజుడు ప్రాయశ్చిత్తముతో సరిదిద్దును. కనబడని తీరు మరియొకటి కలదు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, అధ్యయనము ముగించిన శిష్యునకు ఆచార్యుడు దానమును గురించి ఉపదేశించును. ఇంత ద్రవ్యమని సంఖ్య అందు లేదు. శ్రద్ధ, శ్రీ, హ్రీ (అనగా లజ్జ), భీ (అనగా భయము), సంవిత్తు అను శబ్దములు తృతీయా విభక్తిలో నిలిచి, ఎట్లు ఈయవలెనో బోధించుచున్నవి. కాత్యాయనుడు చెప్పిన విభక్తియే ఇచట హృదయస్థితిని పలుకుచున్నది.

తెలుగున ‘శ్రద్ధతో’ అనునపుడు తృతీయా ప్రత్యయమే ఈ పని చేయును. దానితోబాటు ‘గా’ యున్నది: శ్రద్ధగా, మెల్లగా, నిండుగా. ఇది ‘అగు’ ధాతువునుండి పుట్టినది. కనుక ‘శ్రద్ధగా అర్చించెను’ అనునపుడు ‘శ్రద్ధ యగునట్లు’ అను భావము అందు ఇమిడియున్నది. గబగబ, చకచక వంటి జంటపదములు వేగమును ధ్వనిచేతనే చూపును.

అర్చకులమైన మాకు ఇది నిత్యానుభవము. అష్టోత్తరమున నామములు 108. గబగబ చదివినను అవే, నిదానముగా చదివినను అవే. పుష్పము, నైవేద్యము, సంకల్పము మారవు. మారునది ఆ విశేషణ మొక్కటే. నామములను ప్రక్కవాడు లెక్కింపగలడు, శ్రద్ధను లెక్కింపలేడు. దానికి సాక్షి అంతర్యామి, జవాబుదారి కర్త. సాధకులు పూజ ముగించి లేచుటకు ముందు, నేడు ఎట్లు చేసితినని ఒక్క క్షణము తమ్ము తాము ప్రశ్నించుకొందురు గాక!