తాళం వేసిన బీరువా

1980ల చివర్లో మన బడిలో చదివినవారికి కంప్యూటర్ గది గుర్తుండే ఉంటుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, వరుసలో లోపలికి వెళ్ళేవాళ్ళం. ఒక్కో కంప్యూటర్ ముందు నలుగురైదుగురం. ఆ గదిలో ఒక మూల తాళం వేసిన ఇనుప బీరువా ఉండేది. అందులో ఏముందో చాలా ఏళ్ళ వరకు మనలో చాలామందికి తెలియదు. నేను ఇప్పుడు చెప్పబోయేది ఆ బీరువా కథ.

ముందు కంప్యూటర్ సంగతి. అది బీబీసీ మైక్రో. బ్రిటన్‌లో కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్ సంస్థ బీబీసీ కోసం తయారుచేసి, 1981 డిసెంబరులో విడుదల చేసింది. మీగడ రంగు పెట్టె, నల్లటి కీబోర్డు, పైవరుసలో ఎర్రటి మీటలు. మోడల్ బిలో జ్ఞాపకశక్తి మొత్తం 32 కిలోబైట్లు. 1984-85లో భారత ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యత మొదలుపెట్టినప్పుడు ఈ యంత్రాన్నే ఎంచుకుంది. దేశం మొత్తం మీద సుమారు 12,000 కంప్యూటర్లు బడులకు చేరాయి. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వారు ‘యూనికార్న్’ పేరుతో వీటిని మన దేశంలోనూ తయారుచేశారు.

ఈ యంత్రం విశేషం పైన కాదు, అడుగున ఉంది. తిరగేసి చూస్తే ముందు అంచు కింద వరసగా సాకెట్లు కనబడతాయి. ఒకటి ప్రింటరుకి, ఒకటి ఫ్లాపీ డ్రైవుకి, ఒకటి ‘యూజర్ పోర్ట్’, ఒకటి ‘1 మెగాహెర్ట్జ్ బస్’, చివరిది ‘ట్యూబ్’. వెనకవైపు క్యాసెట్ రికార్డరుకి, జాయ్‌స్టిక్కులకి వేరే సాకెట్లు. వీటికి తగిలించడానికి బ్రిటన్‌లో ఎన్నో పరికరాలు వచ్చాయి. నేలమీద పాకుతూ బొమ్మలు గీసే తాబేలు వచ్చింది. బీబీసీ వార్తలు చదివే కెన్నెత్ కెండల్ గొంతుతో మాటలు పలికించే చిప్పు వచ్చింది. టీవీ ప్రసారంలో కలిసి వచ్చే ప్రోగ్రాములను పట్టుకుని కంప్యూటర్లోకి ఎక్కించే టెలిటెక్స్ట్ అడాప్టర్ వచ్చింది.

మన బీరువాలో అంత వైభవం లేదు. రెండు జాయ్‌స్టిక్కులు, క్యాసెట్ తీగలు, కొన్ని ఖాళీ క్యాసెట్లు. పాడైతే ఎవరు జవాబుదారీ అన్న భయంతో తాళం పడింది. ఒక్కసారి మాత్రం మన ఫిజిక్స్ మాస్టారు జాయ్‌స్టిక్ సాకెట్‌కి ఒక థర్మిస్టర్ కలిపి, దాన్ని వేడినీళ్ళ బీకరులో ముంచారు. నీళ్ళు చల్లారుతున్నకొద్దీ తెరమీద గీత వంగుతూ దిగింది. జాయ్‌స్టిక్ సాకెట్ నిజానికి వోల్టేజీని అంకెగా మార్చే ద్వారమని, ఆటకైనా ప్రయోగానికైనా దానికి ఒకటేనని ఆ రోజు అర్థమైంది. పాఠంలో చదివిన న్యూటన్ శీతలీకరణ నియమం నాకు ఇప్పటికీ ఆ గీతగానే గుర్తు.

అన్నిటికన్నా తక్కువమంది వాడిన సాకెట్ ట్యూబ్. రెండో ప్రాసెసర్ని తగిలించుకోవడానికి పెట్టిన దారి అది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ఏకార్న్‌లో ఒక కొత్త ప్రాసెసర్ రూపొందించారు. మొదటి చిప్పు 1985 ఏప్రిల్ 26న చేతికి వచ్చింది. దాన్ని పరీక్షించింది బీబీసీ మైక్రోకి ట్యూబ్ ద్వారా కలిపే. ఆ చిప్పు పేరు ఆర్మ్. ఇవాళ మన జేబుల్లోని సెల్‌ఫోన్లలో ఉన్నది దాని వంశమే. మనం చెప్పులు విడిచి కూర్చున్న బల్లల మీది పెట్టెలాంటిదే దానికి పురిటిమంచం అయింది.

ఇలాంటి పరికరాలు పోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఇంగ్లండులో 1086 నాటి భూముల లెక్కల పుస్తకానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా, బీబీసీ డోమ్స్‌డే ప్రాజెక్టు చేపట్టి 1986లో పూర్తిచేసింది. పది లక్షల మందికి పైగా, వారిలో ఎక్కువమంది బడిపిల్లలు, తమ ఊళ్ళ గురించి రాసి పంపారు. అదంతా రెండు లేజర్ డిస్కుల్లోకి ఎక్కింది. వాటిని చదవడానికి ఫిలిప్స్ వారి ప్రత్యేక ప్లేయర్ కావాలి. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ ప్లేయర్లు అరుదైపోయాయి. 900 ఏళ్ళ నాటి తోలు పుస్తకాన్ని చదవగలం, పదిహేనేళ్ళ నాటి డిస్కును చదవలేం అన్న పరిస్థితి వచ్చింది. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు శ్రమపడి 2002లో దాన్ని మళ్ళీ తెరమీదికి తెచ్చారు.

మన బడికీ ఒక చిన్న డోమ్స్‌డే ఉంది. 1988 వార్షికోత్సవానికి మా తరగతి మిత్రుడొకడు బడి పేరును తెలుగులో తెరమీద చూపించే ప్రోగ్రాం రాశాడు. బీబీసీ మైక్రోకి తెలుగు రాదు. కానీ ఎనిమిది గళ్ళ వెడల్పు, ఎనిమిది గళ్ళ ఎత్తు ఉన్న చదరంలో మనకి కావలసిన ఆకారం గీసి ఇవ్వవచ్చు. వాడు గ్రాఫు కాగితం మీద ఒక్కో అక్షరానికి నాలుగు చదరాలు తీసుకున్నాడు. ‘ఉన్నత పాఠశాల’కి ఏడు అక్షరాలు, 28 చదరాలు, 224 అంకెలు. ఆ క్యాసెట్ ఎలాగో నా ట్రంకుపెట్టెలో మిగిలింది.

కంప్యూటర్ గది ఖాళీ చేసినప్పుడు యంత్రాలు పాత సామానుగా తూకానికి వెళ్ళాయని తర్వాత విన్నాను. నేను వేరేచోట ఒక పాత యంత్రం సంపాదించాను. పవర్ సప్లైలోని పాత కెపాసిటర్లు పగిలి పొగ వస్తుందని తెలిసి, ముందే మార్పించాను. యంత్రం బతికింది గానీ క్యాసెట్ తీగ లేదు. ఏడు పిన్నుల ఆ ప్లగ్గు వెతికి, తీగలు అతికించుకోవడానికి రెండు నెలలు పట్టింది. రికార్డరు బెల్టు బంకలా కరిగి ఉంటే అదీ మార్చాను. చివరికి మీట నొక్కితే లోపల రిలే ‘టక్’మంది, టేపు తిరిగింది. కొంతసేపటికి ‘డేటా?’ అని తప్పు చూపించింది. హెడ్డును స్పిరిట్‌తో తుడిచి, పక్కనున్న చిన్న స్క్రూ పావు చుట్టు తిప్పాను. నాలుగోసారికి ప్రోగ్రాం ఎక్కింది. తెరమీద మన బడి పేరు వచ్చింది.

ఫొటో తీసి మిత్రుడికి పంపాను. వెంటనే జవాబు వచ్చింది: “ఒరేయ్, ఠలో చుక్క పెట్టలేదురా. ముప్ఫై ఏళ్ళకు పైగా అది ‘పారశాల’గానే ఉంది!”

అదే క్యాసెట్టులో రెండో వైపు ఇంకో ప్రోగ్రాం ఉంది. ఎవరు రాశారో, అందులో ఏముందో తెలియదు. టేపు అక్కడ నలిగిపోయింది, ఎంత ప్రయత్నించినా రాలేదు.

అందుకే ఈ వ్యాసం. కంప్యూటర్ని ఎవరో ఒకరు దాచుకుంటారు. తీగ, ప్లగ్గు, జాయ్‌స్టిక్, పేరు రాయని క్యాసెట్ మాత్రం ముందుగా చెత్తలోకి పోతాయి. మనం ఆ యంత్రంతో ఏం చేశామన్నది మాత్రం వాటిలోనే ఉంటుంది. మీ అటకల మీద, అమ్మానాన్నల ఇళ్ళలో పాత పెట్టెల్లో అలాంటివి కనబడితే పారేయకండి. స్వర్ణోత్సవాలకి వచ్చేటప్పుడు సంచిలో వేసుకుని రండి. యంత్రం, రికార్డరు, తీగ నేను తెస్తాను. కలిసి కూర్చుని వినిపిద్దాం. ఈసారి తాళం వేయొద్దు.